ఇంటి అలమారులో ఆరోగ్య గ్రంథములు

(శతజయంతి కుటుంబ సదస్సులో ఒక సంఘకాపరి చేసిన ప్రసంగ పాఠము)



కుటుంబ పోషకాహారము, శరీర దారుఢ్యము, మనోనిబ్బరము, ఈ మూడింటిని గూర్చి నేడు అంగళ్లలో దొరకు పుస్తకములను గురించి మాటలాడవలెనని నిర్వాహకులు మమ్మును కోరిరి. మేము వైద్యులము కాము. అయితే వేదాంత కళాశాలలో మాకు మొట్టమొదట నేర్పిన విద్య యేమనగా, ఒక గ్రంథము చేతికి వచ్చినప్పుడు దానిని ఎవరు వ్రాసిరి, ఎవరికి వ్రాసిరి, ఏ అక్కరను బట్టి వ్రాసిరి అని అడుగుట. ఈ ప్రశ్నలు వంటయింటి పుస్తకమునకు కూడ చెల్లును. ఆ మేరకే ఇక్కడ నిలువబడియున్నాము.

ఇండ్లను దర్శించునప్పుడు మా చూపు అలవాటు చొప్పున పుస్తకముల గూటివైపు పోవును. బైబిలు, కీర్తనల పుస్తకము, పిల్లల పాఠ్యపుస్తకములు, వాటి ప్రక్కన ఒకటి రెండు ఆరోగ్య పుస్తకములు. ఇవి ఎక్కడివని అడిగిన, "ఆయనకు షుగరు బయటపడినప్పుడు బస్టాండులో కొన్నామండి, అయ్యగారూ" అని ఇల్లాలు చెప్పును. అట్టమీద 'కుటుంబము' అని పెద్ద అక్షరములతో ఉండును. లోపల చూచిన ఒక్క రోగి తప్ప కుటుంబము కనబడదు. ఆ రోగి కూడ తరచుగా ఇంటి యజమానుడే. ఆయనకు వేరుగా రొట్టెలు, వేరుగా కూర. వండి పెట్టిన తల్లి అందరును తిని లేచిన తరువాత గిన్నె అడుగున మిగిలిన అన్నములో చారు పోసికొని తినును. ఆమె పళ్లెములో ఏమి పడినదో ఆ పుస్తకము అడుగదు. ఇంటిలో కడపట భోజనము చేయువారి పళ్లెమును మార్చని పుస్తకము కుటుంబ ఆరోగ్య గ్రంథము కాదని మా అభిప్రాయము. ఈ మాట చెప్పుటకే ఈ పని ఒప్పుకొంటిమి.

ఆహారమును గూర్చిన మంచి గ్రంథములు మనకు పరాయివి కావు. వాటి పుట్టుకలో తెలుగు సీమ పడిన బాధ ఉన్నది. ఉత్తర సర్కారులని పిలువబడిన కోస్తా జిల్లాలలో బెరిబెరి అను వ్యాధి పూర్వము ప్రబలియుండెను. కాళ్లు పట్టు తప్పును, నీరు పట్టును, గుండె బలహీనమగును. మద్రాసు ప్రభుత్వపు వైద్యుడైన మాల్కంసన్ దొర 1835లోనే దీనిని గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. కారణము మాత్రము అప్పటికి ఎవరికిని తెలియదు. తరువాత తెలిసినదేమనగా, మరలో తెల్లగా పట్టిన బియ్యమునుండి తవుడుతో పాటు థయమిన్ అను బి-1 విటమిను పోవును. ఆ బియ్యమును పలుమారులు కడిగి, ఉడికించి, గంజి వార్చి పారబోసినయెడల మిగిలిన కాస్తయు పోవును. వడ్లను ముందుగా ఉడికించి ఎండబెట్టి ఆడించిన ఉప్పుడు బియ్యము తినువారికి ఈ వ్యాధి అంతగా రాలేదు. ఏలయనగా ఉడుకునప్పుడు ఆ విటమిను గింజ లోపలికి దిగును. మన అమ్మమ్మలు గంజిలో ఉప్పు వేసి పిల్లలకు త్రాగించుట పేదరికపు అలవాటని నవ్విన చదువరులు ఈ సంగతి గమనింతురు గాక.

ఈ బెరిబెరి విచారణ కొరకే 1918లో కూనూరులోని పాశ్చరు సంస్థలో మెక్‌కారిసన్ అను వైద్యుడు ఒక్క గదిలో పరిశోధన ప్రారంభించెను. 1928లో అది పోషకాహార పరిశోధనశాలగా పెరిగినది. 1958లో హైదరాబాదునకు తరలి వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది. తార్నాకలో ఆ ఆవరణము ప్రక్కగా మనలో అనేకులు బస్సులో పోవుచుందురు. లోపల ఏమి జరుగునని అడిగినవారు తక్కువ. 1937లో ఆక్రాయిడ్ అను ఆయన కూనూరులో తయారుచేసిన చిన్న పుస్తకమును ఆధారము చేసికొని, 1971లో గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రహ్మణ్యన్ గారలు భారతీయ ఆహారముల పోషక విలువలను గూర్చిన ఆంగ్ల గ్రంథమును వెలువరించిరి. 2017లో అదే సంస్థ 528 ఆహార పదార్థములను క్రొత్తగా పరీక్షించి పట్టికలు ముద్రించినది.

పట్టికలనగానే భయపడనక్కర లేదు. కోస్తావారు చోళ్లనియు, రాయలసీమవారు రాగులనియు, తెలంగాణవారు తైదలనియు పిలుచు ఆ ఒక్క ధాన్యమును చూడుడి. 100 గ్రాములలో కాల్షియము సుమారు 350 మిల్లీగ్రాములు. అంతే తూకము తెల్లబియ్యములో 10 మిల్లీగ్రాములకు మించదు. జామపండు 100 గ్రాములలో సి విటమిను 200 మిల్లీగ్రాములు దాటును. కమలాపండులో 30, 40. ఆపిలులో 5 కూడ ఉండదు. రోగిని చూచుటకు ఆసుపత్రికి పోవునప్పుడు మనము ఆపిలు పండ్లే ఎందుకు కొందుమో, ఈ పట్టిక చదివినప్పటినుండి మాకు బోధపడుట లేదు. పెరటిలో రాలిపోవు జామపండ్లు పట్టుకొనిపోయిన మర్యాద తక్కువ అనుకొందుము కాబోలు.

ఇక ఈ మధ్య సిరిధాన్యముల పుస్తకములు విరివిగా వచ్చుచున్నవి. కొఱ్ఱలు, సామలు, అరికెలు మంచివే. తెల్లబియ్యమే తిను ఇంటిలో వాటికి చోటివ్వవలసినదే. అయితే ఒక్క ధాన్యము సర్వరోగములను పోగొట్టునని వ్రాయువారు ఒక సంగతి మరచిరి. దక్కను పీఠభూమిలో జొన్నరొట్టె, జొన్న గటక తప్ప మరి ఏమియు దొరకని పేదలలో పెల్లాగ్రా అను చర్మవ్యాధి కనబడెను. దీనికిని జొన్నలోని లూసిన్ అను పదార్థమునకును సంబంధమున్నదని గోపాలన్, శ్రీకాంతయ్య గారలు 1960లో ప్రకటించిరి. ఆ కారణమును గూర్చి తరువాత శాస్త్రజ్ఞులలో వాదములు జరిగినవి, అది వేరు సంగతి. మనకు కావలసినది ఇంతే: జొన్న చెడ్డదని కాదు, దాని ప్రక్కన పప్పు, ఆకుకూర, మజ్జిగ, గుడ్డు లేకపోవుటయే చెడ్డది. పెల్లాగ్రా పడినవారు రుచి తెలియక అట్లు తినలేదు, కూలి డబ్బులు చాలక తినిరి.

జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో భారతీయులకు 17 ఆహార సూత్రములను సవరించి ప్రకటించిరి. దానిలో ఒక దినపు పళ్లెము బొమ్మ ఉన్నది. 2000 కాలరీలు అవసరమైన మనిషికి ధాన్యము 250 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పప్పు లేక మాంసము, గుడ్డు 85 గ్రాములు. మన ఇండ్లలో అనేకచోట్ల ఈ అంకెలు తలక్రిందులుగా నున్నవి: బియ్యము 400, కూర చేతిలో పట్టునంత. సంఘ ప్రేమ విందులలో మనము వడ్డించునది జ్ఞాపకము చేసికొనుడి. అన్నపు గుట్ట ఎంత, కూర ఎంత? ఉప్పు దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచా, మించరాదని శాస్త్రము. ఆవకాయను ఆ లెక్కలోనికి తీసికొనినవారిని మేమింకను చూడలేదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 సంవత్సరముల వయస్సుగల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8, తెలంగాణలో నూటికి 57.6. ఆదివారము ఆరాధనలో స్త్రీల వరుసలను చూచునప్పుడు ఈ అంకె మాకు గుర్తు వచ్చును. సగము కంటె ఎక్కువమంది. కూడికలో కూర్చున్నచోటనే కునుకు తీయు సహోదరిని పెద్దలు గద్దించుట మనము చూచియున్నాము. అది సోమరితనమో రక్తము లేకపోవుటయో ఎవరు పరీక్షించిరి? పది గంటలు పొలములో వంగి, ఇల్లు చేరి పొయ్యి రాజేసి, కడపట చారన్నము తినిన ఆమెకు మెలకువ ఎక్కడినుండి వచ్చును? మంచి పుస్తకము ఇచ్చట చిన్న చిన్న సంగతులు చెప్పును. అన్నము తినిన వెంటనే టీ త్రాగిన ఆహారములోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఆకుకూరలో నిమ్మరసము పిండిన బాగుగా పట్టును. ఆరోగ్య కార్యకర్త ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లము మాత్రలు వేసికొనినప్పుడు మలము నల్లబడుట సహజము. దానికి భయపడి మాత్రలను చూరులో దాచనక్కర లేదు. భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో నడిపించిన బృందమే 1945లో ఆ ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. మనవాని కృషి మన చూరులో వృథాగా పడియుండుట తగునా?

ఇప్పుడు చెడ్డ పుస్తకముల సంగతి. ఇది నొప్పి కలిగించు విషయము గనుక నెమ్మదిగా చెప్పెదము. మేము పూర్వము పనిచేసిన ఒక పాస్టరేటులో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నలువది దినములలో షుగరు మాయమగునను పుస్తకము చదివి, ఆకు పసరులు త్రాగుచు మాత్రలు మానివేసెను. నెల తిరుగకముందే చెప్పు ఒరిసి కాలి బొటనవ్రేలు పుండు పడెను. స్పర్శ లేదు గనుక ఆయనకు తెలియలేదు. చివరకు వ్రేలు తీసివేయవలసి వచ్చెను. ఆయన ఆసుపత్రినుండి వచ్చిన తరువాత చూడబోతిమి. ఆ పుస్తకము గూటిలోనే ఉన్నది. "దానిలో దేవుని వాక్యములు కూడ వ్రాసినారు అయ్యగారూ, ఎట్లు పారవేయుదుము?" అని ఆయన భార్య అనెను. ఆమెకు మేము చెప్పినది, వాక్యము దొంగ సరకునకు ముద్ర కాదని. ఆమె ఆ పుస్తకమును మాకు ఇచ్చివేసెను.

ఆ ఉపాధ్యాయునికి ఒక వ్రేలితో పోయినది. పుట్టుకతోనే కాకపోయినను చిన్నతనములోనే షుగరు వచ్చి, ఇన్సులిను సూదిమీద బ్రదుకు పిల్లలున్నారు. అట్టి బిడ్డకు ఎవరో వ్రాసినదానిని నమ్మి సూది మాన్పినయెడల కొద్ది దినములలోనే ప్రాణము పోవును. 1954లోనే మన దేశములో ఒక చట్టము చేసిరి. షుగరు, రక్తపుపోటు, కాన్సరు మొదలగు వ్యాధులను మందుతో నయము చేయుదుమని ప్రకటించుట దాని క్రింద నేరము. అట్టి ప్రకటనలు నేడు పుస్తకపు అట్టలను విడిచి చేతిఫోనులోనికి ప్రవేశించినవి. మన సంఘ వాట్సాపు గుంపులలో ప్రార్థనాంశముల మధ్య ఇవి కూడ తిరుగుచున్నవి. పంపువారు దుర్మార్గులు కారు, ప్రేమతోనే పంపుదురు.

నమ్మదగిన పుస్తకము ఎట్లుండును? మెక్సికో కొండపల్లెలలో పనిచేసిన డేవిడ్ వెర్నరు అను ఆయన అక్కడి ప్రజల కొరకు 1973లో స్పానిషు భాషలో ఒక గ్రంథము వ్రాసెను. 1977లో అది ఆంగ్లములో వచ్చినది. తెలుగులో 'వైద్యుడు లేని చోట' అను పేరున హైదరాబాద్ బుక్ ట్రస్టు వారు తెచ్చిరి. మందుల మోతాదులు కాలముతో మారును గనుక పాత ప్రతిలోని మందుల పుటలను ఇప్పుడు ఆధారము చేసికొనరాదు. అయినను ఆ గ్రంథము తీరు చూడుడి. ఏ వ్యాధికి ఇంటిలో ఏమి చేయవచ్చునో చెప్పి, ఏ గుర్తు కనబడిన ఇక ఇంటిలో ఉంచక వైద్యుని యొద్దకు పరుగెత్తవలెనో కూడ చెప్పును. తన హద్దు తాను చెప్పుకొనును. హద్దు చెప్పని ఆరోగ్య పుస్తకమును మేము కొనము.

వ్యాయామమును గూర్చి పెద్దగా చెప్పము. అరువది సంవత్సరముల క్రిందట కెనడా వైమానిక దళము కొరకు ఓర్బన్ అను ఆయన కూర్చిన చిన్న పుస్తకమొకటి ప్రపంచమంతట అమ్ముడుపోయెను. పురుషులకు 11 నిమిషములు, స్త్రీలకు 12. సామాను అక్కరలేదు, చాపంత చోటు చాలును. దానిలోని కొన్ని వంపులు నడుమునకు మంచివి కావని నేటి నిపుణులు అందురు గాని, నిరాడంబరమైన ఆ పద్ధతి మాత్రము మెచ్చదగినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది, పెద్దలు వారమునకు 150 మొదలు 300 నిమిషములు మధ్యస్థమైన శ్రమ చేయవలెననియు, పిల్లలు దినమునకు ఒక గంట ఆడవలెననియు. దీనిని అందరికిని ఒకటే కొలతగా ప్రసంగించుట తగదు. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, దినమంతయు కుర్చీలో నుండు మావంటి కాపరులు నడువవలెను. నాట్లు వేసి వచ్చిన సహోదరికి కావలసినది వ్యాయామ పుస్తకము కాదు, ఒక గంట విశ్రాంతియు ఒక గ్రుడ్డును. అరువది దాటినవారు పడిపోకుండుటకు ఒంటికాలిమీద నిలుచుట, కుర్చీలోనుండి చేతుల ఊత లేకుండ లేచుట అభ్యాసము చేయవచ్చును. ప్రక్కన గోడ ఉండవలెను.

మనస్సు సంగతికి వచ్చితిమి. పరిశోధకుడు డాక్టర్ విక్రమ్ పటేల్ 2003లో, మానసిక వైద్యుడు లేని చోట ఏమి చేయవలెనో సామాన్య ఆరోగ్య కార్యకర్తలకు బోధించు ఆంగ్ల గ్రంథము వ్రాసెను. వెర్నరు గ్రంథమునకు అది చెల్లెలు వంటిది. ఆయన జింబాబ్వే దేశములో పనిచేసినప్పుడు అచ్చటి షోనా ప్రజలు ఈ బాధను 'కుఫుంగిసిస', అనగా అతిగా ఆలోచించుట, అని పిలుచుట గమనించెను. మన పల్లెలలో కూడ అదే మాట కాదా? "ఊరికే ఆలోచన చేస్తున్నదండి" అందురు. దిగులు అని ఎవరును చెప్పరు. తలబరువు, గుండెదడ, అరికాళ్ల మంటలు, నిద్ర పట్టదు, ఆకలి లేదు అందురు. పరీక్షలన్ని చేయింతురు, ఏమియు లేదని కాగితము వచ్చును. ఏమియు లేదన్న కాగితము చేత పట్టుకొని మా యొద్దకు వచ్చువారు ప్రతి నెల ఉన్నారు.

ఈ విషయములో భక్తి పుస్తకములని అమ్మబడు కొన్ని వైద్య పుస్తకముల కంటె ఎక్కువ హాని చేయుచున్నవి. దిగులు విశ్వాస లోపమనియు, మాత్రలు వేసికొనుట అపనమ్మకమనియు అవి వ్రాయును. అవి చదివిన సహోదరికి ఒక బాధ రెండగును. ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరినప్పుడు అతనికి ముందు దొరికినది గద్దింపు కాదు, నిద్ర, రొట్టె, నీళ్లు, మరల నిద్ర, మరల రొట్టె. ఆ తరువాతనే మాట. దిగులు, దేనియందును ఆసక్తి లేకుండుట రెండు వారములకు మించి నిలిచిన అది చికిత్స చేయించదగిన వ్యాధి కావచ్చును. ప్రభుత్వమువారు 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి-మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాటలాడుదురు. 2017లో చేసిన మానసిక ఆరోగ్య చట్టము, ప్రాణము తీసికొనజూచిన మనిషిని నేరస్థునిగా గాక తీవ్రమైన ఒత్తిడిలో నున్నవానిగా చూడవలెనని చెప్పుచున్నది. చట్టమే అంత మాట అనుచుండగా సంఘము ఇంకను వెలివేయుట ఎట్లు? మరియొక మాట. పొలము గల ఇండ్లలో పురుగుమందు డబ్బాను తాళములో పెట్టుడి; పెక్కుసార్లు మరణమునకును బ్రదుకునకును నడుమ ఉన్నది ఆ తాళమే. ప్రార్థన కూడికలో ఇట్టివారి పేరును బిగ్గరగా చదువుట మానుడి.

2013లో అమెరికాలో రిక్ వారెన్ అను కాపరి ఇద్దరు వైద్యులతో కలిసి, దానియేలు పేరుమీద ఆహారమును వ్యాయామమును గూర్చిన పుస్తకము వ్రాసెను. మన యౌవనస్థులు దానిని మాకు చూపి, మన సంఘములో కూడ చేయుదమనిరి. అది అతిగా తినుటవలన బాధపడు సంఘమునకు వ్రాయబడినది. మన బల్లలమీద అతిగా తినువారును, చాలక తినువారును ప్రక్కప్రక్కనే కూర్చుందురు. గనుక దానిలోని భోజనపు పట్టీని విడిచి, ఒకరికొకరు తోడుగా నుండి చేయుట అను పద్ధతిని మాత్రము తీసికొనుడని చెప్పితిమి.

మా పాస్టరేటులో ఈ శతజయంతి సంవత్సరమునుండి జరుగుచున్నది చెప్పి ముగించెదము. ఆలయపు ప్రక్కగదిలో ఒక అలమారు పెట్టితిమి. పోషకాహార సంస్థవారి ఆహార సూత్రములు, ‘వైద్యుడు లేని చోట’, ఒక ప్రసూతి శిశుపోషణ పుస్తకము ఉన్నవి. మానసిక ఆరోగ్య గ్రంథము ఆంగ్లములో నున్నందున, సంఘములోని ఒక నర్సు నెలకొక అధ్యాయము తెలుగులో చెప్పును. క్రొత్త పుస్తకము చేర్చకముందు ఆమెయు, మరియొక వైద్యుడును చదివి సరే ననవలెను. స్త్రీల మైత్రి రెండవ శనివారపు కూడికలో ఒకరు ఒక పుట బిగ్గరగా చదువుదురు, చదువు రానివారు వందురు. మొన్న తైద జావ, మునగాకు పప్పు వండిరి. వండినవారికే ముందు వడ్డింపవలెనని నియమము పెట్టితిమి. మొదటి రెండు నెలలు వారు ఒప్పుకొనలేదు. తాళపు చెవి ఆలయ సేవకుని యొద్ద గాక మైత్రి కార్యదర్శి యొద్ద ఉండును. పుస్తకము తీసికొనినవారు పదునైదు దినములలో తెచ్చి ఇయ్యవలెను. పసుపు మరకలు, నూనె చేతుల గుర్తులు ఉన్నను జరిమానా లేదు.